పరాయి కళ ముందు పలకా బలపం

విజయవాడ నుంచి తిరువూరు వైపు పోయే రోడ్డు మీద, కొండపల్లి, జి.కొండూరు దాటాక మైలవరం వస్తుంది. ఊళ్లోకి ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక ఈ చుట్టుపక్కల పల్లెల్లో చదువుల దారే మారిపోయింది. ఒకప్పుడు డిగ్రీకి బెజవాడ వెళ్లడమే గొప్ప. ఇప్పుడు బీటెక్ చివరి ఏడాదికల్లా ఎం.ఎస్. మాట, వీసా మాట, బ్యాంకు లోను మాట ఇంట్లో మొదలవుతాయి. ఆగస్టు వచ్చేసరికి పెట్టెలు సర్దుతారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న కుక్కరు, ఉన్ని కోటు. ముందు వెళ్లిన సీనియర్లకు ఫోను చేసి అడగాల్సినవన్నీ అడుగుతారు. గది అద్దె ఎంత, ఒక్కో గదిలో ఎంతమంది, ఇండియన్ స్టోరు ఎంత దూరం, క్యాంపస్‌లో పని దొరుకుతుందా.

అక్కడ మ్యూజియం ఎక్కడుందని అడిగేవాళ్లు తక్కువ. యూనివర్సిటీలో సంగీత విభాగం ఉందా, బయటి విద్యార్థుల్ని రానిస్తారా అని అడిగేవాళ్లు మరీ తక్కువ. దీనికి పిల్లల్ని తప్పు పట్టలేం. నెత్తిన లక్షల అప్పు పెట్టుకుని విమానం ఎక్కిన కుర్రాడికి మొదటి సెమిస్టరులో మార్కులు, రెండో సెమిస్టరులో ఇంటర్న్‌షిప్పు తప్ప ఇంకోటి కనపడదు. అయినా బాధ కలిగించే సంగతి ఒకటుంది. ప్రపంచంలోని అతి గొప్ప చిత్రాలకు, వాద్యబృందాలకు నడిచి వెళ్లేంత దగ్గరలో రెండేళ్లు బతికి, వాటి గుమ్మం తొక్కకుండానే తిరిగి వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ రెండేళ్లు మళ్లీ రావు. ఉద్యోగంలో చేరాక, పిల్లలు పుట్టాక, ఆ తీరిక దొరకడం ఇంకా కష్టం.

మైలవరం కొత్త పాటకు జంకిన ఊరేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో ఇక్కడి జమీందార్ల పోషణలో బాలభారతీ నాటక సమాజం నడిచింది. ‘మైలవరం కంపెనీ’ అంటే ఆంధ్రదేశంలో నాటకం చూసేవాళ్లందరికీ తెలుసు. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు ఆ రంగస్థలం మీద వెలిగారు. ఆ నాటకాలకు ప్రాణం హార్మోనియం. ఆ పెట్టె మనది కాదు. 1840ల్లో పారిస్‌లో పేటెంటు పొందిన యూరోపియన్ వాద్యం. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ వాయించేలా మార్చాడు. అక్కడి నుంచి పార్సీ నాటకాలతో, ధార్వాడ కంపెనీలతో దేశమంతా తిరిగి తెలుగు పద్యనాటకంలోకి వచ్చిచేరింది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి హార్మోనియం శ్రుతి లేకుండా పద్యం ఊహించడమే కష్టమైంది. జనం ‘వన్స్ మోర్’ అని కేకలు పెడితే నటుడు అదే పద్యాన్ని మళ్లీ అందుకునేవాడు. కేక ఇంగ్లీషుది, పెట్టె ఫ్రాన్సుది, రాగం మనది. రెండు తరాలు తిరిగేసరికి అందులో ఏది బయటి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు.

ఒక ఊరికి దశాబ్దాలు పట్టిన ఆ పరిచయం ఒంటరి విద్యార్థికి రెండు మూడేళ్లలో సాధ్యమా? పరాయి దేశంలో, ముక్కూ ముఖం తెలియని కళ ముందు నిలబడిన మనవాళ్లు ఏం చేశారు? ఈ ప్రశ్నకు తెలుగునాట దొరికే అతి పెద్ద జవాబు చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి జీవితం. ప్రపంచ ముద్రణ కళలో ఆయన పేరు తెలియని స్టూడియో తక్కువ. సొంత రాష్ట్రంలో మాత్రం ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. ఇది సరిచేసుకోవాల్సిన లోటు.

కృష్ణారెడ్డి మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆశయాలతో నడిచే రిషీవ్యాలీ బడిలో చదివారు. 1940ల మొదట్లో శాంతినికేతన్ చేరారు. అక్కడ నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ గురువులు. చెట్టును బొమ్మ గీయాలంటే ముందు ఆ చెట్టు కింద కూర్చుని, ఆకు ఎలా పుడుతుందో, కొమ్మ ఎటు తిరుగుతుందో చూడమని చెప్పే బడి అది. సిమెంటు, కంకర కలిపి ఆరుబయట పెద్ద పెద్ద శిల్పాలు పోతపోసే రామ్‌కింకర్‌ను ఆ కుర్రాడు దగ్గర నుంచి చూశాడు. 1943లో బెంగాల్‌ను కరువు కమ్మేసింది. ఆకలితో రోడ్ల మీద పడిపోతున్న మనుషుల్ని చూశాడు, వాళ్ల బొమ్మలు గీశాడు. చదువయ్యాక మద్రాసులో కళాక్షేత్రలో చిత్రకళ విభాగం చూసుకున్నారు.

అంటే విదేశం వెళ్లేనాటికి ఆయన ఏమీ తెలియని కుర్రాడు కాదు. చదువు పూర్తయింది, నేర్పే ఉద్యోగం ఉంది, శైలి కూడా కుదురుకుంటోంది. అలాంటి మనిషి 1940ల చివర లండన్‌లోని స్లేడ్ స్కూల్‌లో మళ్లీ విద్యార్థిగా చేరారు. అక్కడ హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తరువాత పారిస్‌లో ఓసిప్ జాడ్కిన్ దగ్గర ఇంకో రకం శిల్పం, మధ్యలో మిలాన్ వెళ్లి మరీనో మరీని దగ్గర మరో రకం. ముగ్గురూ ఇరవయ్యో శతాబ్దపు శిల్పంలో ఉద్దండులు, ముగ్గురివీ పొంతన లేని దారులు. మనిషి ఒంటిని మూర్ కొండలు, గుహల్లా మలిచాడు. జాడ్కిన్ దాన్ని పలకలుగా కోసి మళ్లీ పేర్చాడు. మరీని గుర్రాన్ని, రౌతును ఒకే ముద్దగా చేసి కూలిపోతున్నట్టు నిలబెట్టాడు. వీళ్లలో ఎవరో ఒకరికి శిష్యుడై, ఆ శైలిలో కాస్త పేరు తెచ్చుకుని స్వదేశం వచ్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. చాలామంది చేసింది అదే.

ఆయన మలుపు మాత్రం పారిస్‌లోని ఓ ముద్రణశాలలో ఉంది. దాని పేరు అటెలియే 17. స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1927లో మొదలుపెట్టిన వర్క్‌షాపు. కాంపాన్ ప్రెమియేర్ వీధిలో 17వ నంబరు ఇంట్లో నడిచినందువల్ల ఆ పేరు స్థిరపడింది. హేటర్ మొదట చిత్రకారుడు కాడు. లండన్‌లో రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం చదివి, ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి పారిస్ చేరాడు. మన ఇంజినీరింగ్ పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. పికాసో, మీరో లాంటివాళ్లు ఆ వర్క్‌షాపులో పనిచేశారు. యుద్ధకాలంలో హేటర్ దాన్ని న్యూయార్క్ తరలించి, 1950లో మళ్లీ పారిస్‌కు తెచ్చాడు. కృష్ణారెడ్డి 1950ల మొదట్లో అక్కడికి చేరేనాటికి ముప్పైకి దగ్గరపడుతున్నారు. చెక్కడంలో మాత్రం ఓనమాల దగ్గరే మొదలు.

ఈ కళ గురించి కొంచెం చెప్పుకోవాలి. రాగి లేదా జింకు రేకు మీద సన్నని ఉలి లాంటి పనిముట్టుతో గీతలు చెక్కుతారు, లేకపోతే యాసిడ్‌తో తినిపిస్తారు. గాళ్లలో ఇంకు నింపి, పైభాగం తుడిచేస్తారు. తడిపిన మందపాటి కాగితం పైన వేసి ప్రెస్సులో గట్టిగా నొక్కితే గాళ్లలోని ఇంకు కాగితం మీదికి లేస్తుంది. చెక్కేటప్పుడు పిడి అరచేతిలో ఆనించి ముందుకు నెట్టాలి. గీత వంపు తిరగాలంటే చెయ్యి తిప్పకూడదు, రెండో చేత్తో రేకును తిప్పాలి. పెన్సిలు పట్టి ఎన్నో ఏళ్లు బొమ్మలు వేసిన చేతికి ఇది తలకిందుల వ్యవహారం. పైగా చెక్కింది కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుంది. ఎంత పేరున్న చిత్రకారుడైనా మొదటి రోజుల్లో గీత వంకర పోవలసిందే, చేతికి మసి అంటవలసిందే. హేటర్ వర్క్‌షాపులో ఇంకో నియమం కూడా ఉండేది. ముందే వేసుకున్న బొమ్మను రేకు మీదికి ఎక్కించడం కాదు, రేకుతో పనిచేస్తూ ఉంటే ఏం బయటపడుతుందో వెతకాలి.

పెద్ద చిక్కంతా రంగులతో. నాలుగు రంగుల ముద్ర కావాలంటే నాలుగు రేకులు చెక్కాలి, ఒకే కాగితాన్ని నాలుగుసార్లు ప్రెస్సులో పెట్టాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా రాకుండా అమర్చాలి. ఒకే రేకు మీద, ఒకే నొక్కుడులో ఇన్ని రంగులూ ఎందుకు రాకూడదు? హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, ఇంకా ఆ వర్క్‌షాపులోని మరికొందరు దీని వెంట పడ్డారు.

వాళ్లకు దారి చూపింది ఇంకులోని నూనె. ఒకే రకం ఇంకులో అవిసె నూనె ఎక్కువ కలిపితే పల్చగా, జారుడుగా ఉంటుంది. తక్కువ కలిపితే చిక్కగా, బంకగా ఉంటుంది. రేకు మీద నూనె ఎక్కువున్న పల్చటి రంగు ముందుగా పడిన చోట చిక్కటి రంగు అంటుకోదు, తామరాకు నీటిబొట్టును పట్టనట్టు. ఇక రెండో సంగతి రోలరు. గట్టి రోలరు రేకులోని ఎత్తు భాగాలనే తాకుతుంది. మెత్తటి రోలరు కొద్దిగా ఒత్తితే పల్లాల్లోకి దిగుతుంది. ఈ రెంటినీ కలిపితే గాళ్లలో ఒక రంగు, ఎత్తుల మీద ఒక రంగు, పల్లాల్లో ఒక రంగు, అవి ఒకదాన్నొకటి చెడగొట్టకుండా నిలుస్తాయి. కాగితం ప్రెస్సులోకి ఒక్కసారి వెళ్లి రంగులన్నిటితో బయటికి వస్తుంది. దీన్నే విస్కాసిటీ ముద్రణ అంటున్నారు. ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన ప్రతి బీటెక్ విద్యార్థికీ ఆ మాట తెలుసు. అది పరీక్ష కాగితం దాటి ఒక కళగా మారడం వెనుక చిత్తూరు జిల్లా మనిషి చెయ్యి ఉందని తెలిసినవాళ్లు ఎందరో చెప్పడం కష్టం.

ఈ పద్ధతి పూర్తిగా ఒక్కరిదని చెప్పడం న్యాయం కాదు, వర్క్‌షాపు అంటేనే ఉమ్మడి పని. అందులో కృష్ణారెడ్డి తెచ్చిన భాగం ఏమిటో మాత్రం ఆయన రేకుల్ని చూస్తే తెలిసిపోతుంది. రేకును బల్లపరుపు వస్తువుగా చూడొచ్చు. ఆయన శిల్పి కనక దాన్ని రాతి పలకగా చూశారు. ఉలితో, యాసిడ్‌తో, మిషను పనిముట్లతో లోతులు తీసి, మెట్లు మెట్లుగా పల్లాలు, గట్లు మలిచారు. రేకు చేత్తో తడిమితే లోయలు తెలుస్తాయి. అన్ని మట్టాలున్నాయి కాబట్టే అన్ని రంగులు నిలబడ్డాయి. రామ్‌కింకర్ దగ్గర, మూర్ దగ్గర, జాడ్కిన్ దగ్గర నేర్చుకున్నదంతా జానెడు జింకు రేకులోకి దిగింది. కొత్త విద్య కోసం పాత విద్యను పారేయలేదు. అలాగని పాత విద్య చూపించి కొత్తదాన్ని తప్పించుకోనూ లేదు.

1963 నాటి ‘వర్ల్‌పూల్’ ముద్ర చూసినవాళ్లకు ఇది మాటల్లో చెప్పనక్కర్లేదు. సుడి తిరుగుతున్న నీరు, గీత మీద గీత, నీలం మీద నీలం. ఆకు, అల, మొలక, పురుగు, చేప లాంటివే ఆయన విషయాలు. శాంతినికేతన్‌లో చెట్టు కింద కూర్చోబెట్టిన చదువు పారిస్ వర్క్‌షాపులోనూ పనిచేసింది. 1968లో పారిస్ విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చినప్పుడు ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చేశారు. తరువాత న్యూయార్క్‌లో కూతురిని సర్కస్‌కు తీసుకువెళ్లిన అనుభవం నుంచి బఫూన్ల వరస వచ్చింది. 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ అందులో పేరు పొందింది. ఒకే రేకు నుంచి రంగులు మార్చి మార్చి ఆయన తీసిన ముద్రల్ని పక్కపక్కన పెడితే, ఒకచోట నవ్వుతున్న బఫూను ఇంకోచోట భయపెడతాడు.

విద్యార్థిగా అడుగుపెట్టిన అటెలియే 17కే 1960ల మధ్యలో ఆయన సహ సంచాలకుడయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ చేరి, న్యూయార్క్ యూనివర్సిటీలో ముద్రణ విభాగాన్ని దశాబ్దాలపాటు నడిపించారు. తన పద్ధతినంతా దాచుకోకుండా 1988లో పుస్తకంగా రాశారు. 2016లో మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల పనిని కలిపి ప్రదర్శన పెట్టింది. జరీనా అలీగఢ్‌లో పుట్టి, అదే పారిస్ వర్క్‌షాపులో నేర్చుకున్న కళాకారిణి. 2018 ఆగస్టు 22న, 93 ఏళ్ల వయసులో కృష్ణారెడ్డి న్యూయార్క్‌లో కన్నుమూశారు.

మైలవరానికి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే గుడివాడ ఉంది. 1936లో అక్కడ పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో చిత్రకళ చదివి, 1962లో కామన్వెల్త్ ఫెలోషిప్పు మీద లండన్ వెళ్లారు. చేరింది అదే స్లేడ్ స్కూల్. ఆకారం వదిలేసి రంగే విషయమైన నైరూప్య చిత్రకళ వైపు ఆయన నడిచారు. తరువాత అమెరికాలో స్థిరపడ్డారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. మనది బొమ్మంటే బాపు గీత, వడ్డాది పాపయ్య రంగులు, క్యాలెండరు మీద దేవుడు అనుకునే నేల. ఇక్కడి నుంచి వెళ్లి, పోలిక పట్టడానికి ఏమీ లేని పెద్ద క్యాన్వాసు ముందు నిలబడి ‘ఇందులో ఏముంది’ అని తనను తాను అడగడానికి ధైర్యం కావాలి. జవాబు దొరికేదాకా అక్కడే ఉండడానికి ఇంకా కావాలి.

ఇప్పుడు దారిని తిప్పి చూద్దాం. మన సంగీతం ఎదుటివాడికి ఎంత కొత్తో తెలిస్తే, వాళ్ల సంగీతం మనకు ఎందుకు కొత్తో తెలుస్తుంది. జాన్ హిగ్గిన్స్ 1939లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో సంగీతం, చరిత్ర చదువుతుండగా కర్ణాటక సంగీతం చెవిన పడింది. మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్, ఆయన తమ్ముడు, వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ గురువులయ్యారు. వీళ్లు వీణ ధనమ్మాళ్ మనవలు, నర్తకి బాలసరస్వతి సోదరులు. 1960ల మధ్యలో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు మీద హిగ్గిన్స్ మద్రాసు వచ్చాడు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో పాడాడు. జనం ఆయన్ను ‘హిగ్గిన్స్ భాగవతార్’ అని పిలుచుకున్నారు. ‘ఎందరో మహానుభావులు’ రికార్డు ఇప్పటికీ వింటారు.

ఆ గొంతులో తెలుగు వినండి. తెలుగు తల్లిభాషగా ఉన్న గాయకులు కూడా మింగేసే అక్షరాలను ఆయన జాగ్రత్తగా పలికాడు. తెలుగు ఆయన ఊరిలో ఎవరి నోటా వినపడే భాష కాదు. కాకర్ల త్యాగయ్య రాసిన తెలుగు, తమిళదేశంలో పుట్టి పెరిగిన తెలుగు, అమెరికా యువకుడి నోట సరిగ్గా నిలబడింది. ఆయన బతికింది నలభై అయిదేళ్లే. టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో తిరుచ్చి శంకరన్‌తో కలిసి 1971లో భారతీయ సంగీత పాఠాలు మొదలుపెట్టాడు, భరతనాట్య సంగీతం మీద 1973లో డాక్టరేటు పొందాడు, తిరిగి వెస్లియన్‌లోనే ప్రొఫెసరయ్యాడు. 1984 డిసెంబరులో రోడ్డు మీద నడుస్తుండగా, తాగి నడిపిన వాహనం ఢీకొని చనిపోయాడు.

హిగ్గిన్స్‌కు ఎదురైన చిక్కు గొంతుదే కాదు, చెవిది కూడా. పాశ్చాత్య సంగీతంలో పెరిగిన చెవి స్వరాన్ని ఒక నిలకడైన చోటుగా వింటుంది. మన గమకంలో స్వరం ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. ఆ ఊపును తీసేస్తే రాగమే ఉండదు. అటువైపు నుంచి, మన చెవి ఒకే రాగధారను తంబూరా శ్రుతి మీద పట్టుకుని వెంట నడవడానికి అలవాటుపడింది. వాళ్ల ఆర్కెస్ట్రాలో ఒకేసారి నాలుగైదు ధారలు నడుస్తాయి. వయొలిన్లు ఒక మాట అంటుంటే సెల్లోలు ఇంకోటి అంటాయి, రెండూ కలిసిన చోట పుట్టే మూడో ధ్వని అసలు విషయం. తెలుగు శ్రోత అందులో ‘పాట ఏది’ అని వెతికి, దొరక్క, అరగంటలో అలసిపోతాడు. అతనికి సంగీతం తెలియక కాదు. తనకు తెలిసిన పద్ధతిలో వెతుకుతున్నాడు, అంతే.

బీతోవెన్ అయిదో సింఫనీతో మొదలుపెడితే ఈ చిక్కు చాలావరకు విడుతుంది. 1808 డిసెంబరు 22న వియన్నాలో, గంటల తరబడి సాగిన కచేరీలో తొలిసారి వినిపించిన రచన అది. మొదట్లోనే నాలుగు స్వరాలు వస్తాయి, మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. ఆ నాలుగింటినే పట్టుకుని మొదటి భాగమంతా వినొచ్చు. అవి కిందికి దిగుతాయి, పైకి ఎగబాకుతాయి, ఒక వాద్యం నుంచి ఇంకోదానికి మారతాయి. నెరవల్లో ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడటం తెలిసిన చెవికి ఆ ఆట త్వరగానే అందుతుంది. ముందు ఇంట్లో రికార్డు రెండు మూడుసార్లు విని హాలుకు వెళ్లడం మంచిది. సింఫనీకి మామూలుగా నాలుగు భాగాలుంటాయి, మధ్యలో చప్పట్లు కొట్టరు. పద్యం నచ్చగానే వన్స్ మోర్ అన్న నేల నుంచి వెళ్లినవాళ్లకు ఆ మౌనం మొదట్లో మొహమాటంగా ఉంటుంది. ఆఖరి భాగం అయ్యేదాకా ఆగితే హాలంతా లేచి కొట్టే చప్పట్లు కూడా ఆ కచేరీలో భాగమేనని తెలుస్తుంది.

వినడం కన్నా వాయించడం దగ్గరి దారి. ఈ మాటను యూనివర్సిటీ చదువులోకి తెచ్చినవాడు మాంటిల్ హుడ్. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసిన ఆయన 1960లో రాసిన ఒక వ్యాసంలో వాదన ఇది: పరాయి సంగీతాన్ని చదివే విద్యార్థి దాన్ని వాయించడం కూడా నేర్చుకోవాలి, రెండు భాషలు మాట్లాడేవాళ్లు ఉన్నట్టే రెండు సంగీతాలు పలికేవాళ్లు ఉండగలరు. ఆయన తన విద్యార్థుల్ని జావా ద్వీపపు గామెలాన్ ముందు కూర్చోబెట్టాడు. కంచు పలకలు, గంటలు, పెద్ద గాంగులు కలిసిన వాద్యబృందం అది. ఆ దారిలో అమెరికాలో ఎన్నో యూనివర్సిటీలు గామెలాన్ బృందాలు పెట్టుకున్నాయి, చాలా చోట్ల ఇంజినీరింగ్, బిజినెస్ విద్యార్థులకూ చోటుంటుంది. కొత్తవాళ్లకు మొదట నెమ్మదిగా నడిచే మూల స్వరాలు వాయించే పని ఇస్తారు. తాళం తెలిసిన మనవాళ్లకు అక్కడ ఓ చక్కని తికమక ఎదురవుతుంది. మన ఆది తాళంలో బరువు ఆవర్తం మొదట, సమం మీద పడుతుంది. గామెలాన్‌లో పెద్ద గాంగు ఆవర్తం చివర మోగుతుంది. లెక్క ఒకటే, బరువు పడే చోటు వేరు. కొన్ని వారాలు వాయించాక తిరిగి మన తాళం వేసి చూస్తే, పుట్టినప్పటి నుంచి మామూలుగా అనుకున్న సమం ఎంత ప్రత్యేకమో తెలుస్తుంది.

డబ్బు సంగతి దాటవేయకూడదు, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడరన్‌ల శాశ్వత ప్రదర్శనలకు టికెట్టు లేదు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియాలకూ లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆ రాష్ట్రవాసులు, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులు తమకు తోచినంత ఇచ్చి లోపలికి వెళ్లవచ్చు. న్యూజెర్సీలో చదువుతున్న తెలుగు పిల్లల సంఖ్య తెలిసినవాళ్లకు ఈ సదుపాయం విలువ చెప్పనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో నివాసమున్న ఇరవై ఆరేళ్ల లోపు వాళ్లకు పారిస్ లూవ్ర్ ఉచితం. లండన్‌లో 1895 నుంచి వేసవి వేసవికీ జరిగే ప్రామ్స్ కచేరీల్లో నిలబడి వినేవాళ్లకు వేరే చౌక టికెట్లుంటాయి. అమెరికాలో సంగీత విభాగం ఉన్న యూనివర్సిటీల్లో విద్యార్థులు ఇచ్చే కచేరీలు చాలావరకు ఉచితం, లైబ్రరీ పక్క హాల్లోనే జరుగుతుంటాయి.

ఇంకో మాట. కొత్తదనానికి దూరంతో సంబంధం లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ప్రత్యేకంగా కట్టిన గదిలో అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పాలు నూరుకు పైగా ఉన్నాయి. మైలవరం నుంచి వెళ్లిన విద్యార్థికి అవి కృష్ణకు అవతలి ఒడ్డు బొమ్మలు. చాలామంది వాటిని మొదటిసారి చూసేది లండన్‌లోనే. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ ఎలా అతుకుతారో, చింతగింజల పొడి ఎలా కలుపుతారో బస్సు కిటికీలోంచి ఊరు దాటిన ఎవరికీ తెలియదు. విదేశంలో ఒక కొత్త కళకు కళ్లు తెరిచినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఆ ఊళ్లో బస్సు దిగడం కూడా జరుగుతుంది.

మొదటి అడుగు ఎక్కడ వేయాలో తెలియని విద్యార్థికి ముద్రణశాల మంచి చోటు. అమెరికా, యూరప్ నగరాల్లో ఎవరైనా చేరగల ఉమ్మడి ప్రింట్ స్టూడియోలు ఉన్నాయి, శని ఆదివారాల్లో కొత్తవాళ్లకు తరగతులు పెడతారు. ఏప్రాను వాళ్లే ఇస్తారు. చిన్న జింకు రేకు, ఒక పనిముట్టు, రెండు రోలర్లు, ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది. పక్క బల్ల మీద ఎవరో అవిసె నూనె చుక్కలు లెక్కపెట్టి ఇంకులో కలుపుతూ ఉంటారు. రంగుల తరగతి వచ్చినప్పుడు, ఒకే రేకు మీద ఇన్ని రంగులు నిలబెట్టే ఈ పద్ధతి ఎక్కడిదని నేర్పే మనిషిని అడిగితే పారిస్ పేరు, హేటర్ పేరు చెబుతారు. ఆ వెంటనే కృష్ణారెడ్డి పేరు వస్తుంది.